ఉస్మానియా నుంచి నేటి దాకా: తెలుగు విద్యార్థి, పాఠాల భాష

1917లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఒక ఫర్మానా జారీ చేశారు. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలుస్తుందనీ, అక్కడ చదువు ఉర్దూలో సాగుతుందనీ దాని సారాంశం. అప్పటికి కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు పుట్టి అరవై ఏళ్లు. మూడింటా పై చదువులన్నీ ఇంగ్లీషులోనే. మద్రాసుకు అనుబంధంగా ఉన్న నిజాం కాలేజీదీ అదే దారి. పరాయి భాషలో చదివితే విద్యార్థి శక్తి బట్టీ పట్టడానికే సరిపోతుందని నిజాం ప్రభుత్వ అధికారి అక్బర్ హైదరీ వాదించారు.

ఆ వాదనను ఆచరణలో పెట్టడానికి దారుల్ తర్జుమా అనే అనువాద విభాగం ఏర్పడింది. మౌల్వీ అబ్దుల్ హక్ ఆధ్వర్యంలో పండితులు శాస్త్ర గ్రంథాలను ఉర్దూ చేశారు, పారిభాషిక పదాలు కూర్చారు. ఇంగ్లీషు తప్పనిసరి సబ్జెక్టుగా మిగిలింది. కొన్నేళ్లకు వైద్యం, ఇంజినీరింగు పాఠాలు సైతం ఉర్దూలో నడిచాయి. అది పెద్ద సాహసం.

అయితే హైదరాబాదు సంస్థానంలో అందరికన్నా ఎక్కువమంది మాట్లాడేది తెలుగు. నల్లగొండ నుంచో, వరంగల్లు నుంచో వచ్చిన తెలుగు కుర్రాడికి ఉర్దూ కూడా బడిలో నేర్చుకున్న భాషే. హైదరీ చెప్పిన న్యాయం అతని దాకా రాలేదు.

1948లో నిజాం పాలన ముగిశాక ఉస్మానియాలో ఉర్దూ స్థానంలోకి ఇంగ్లీషు వచ్చింది. కోస్తాలో 1926లో మొదలైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోనూ ఇంగ్లీషు పాఠాలే. తర్వాత ఈ రెండు తెలుగు ప్రాంతాలూ ఒకే రాష్ట్రమైనా, తెలుగులో డిగ్రీ చదవాలంటే ముందు పుస్తకాలు కావాలి.

వాటి కోసమే 1968లో తెలుగు అకాడమీ పుట్టింది. దాని తొలి అధ్యక్షుడు పి.వి.నరసింహారావు. అకాడమీ పుస్తకాలు చేతికందాక బి.ఎ., బి.కాం., బి.ఎస్సీ. తెలుగు మీడియంలో చదివే వీలు కలిగింది. పల్లెల నుంచి వచ్చి, ఇంట్లో మొదటి పట్టభద్రులైన ఎందరికో ఆ పుస్తకాలే ఆసరా. వైద్యం, ఇంజినీరింగు మాత్రం ఇంగ్లీషును వదల్లేదు. ఉద్యోగాల బజారు ఆ వైపే ఉండడంతో తల్లిదండ్రులూ అటే మొగ్గారు.

2021-22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మీడియంలోనే ఉండాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిర్ణయించింది. పన్నెండేళ్లు తెలుగులో చదివి వచ్చిన విద్యార్థికి ఇది పెద్ద మలుపు. చాలా తరగతుల్లో అధ్యాపకులు పాఠ్యపుస్తకం ఇంగ్లీషులో చదివి, అర్థం తెలుగులో చెబుతారు. పరీక్షలో జవాబు రాయాల్సింది మాత్రం ఇంగ్లీషులోనే. మీడియం మార్చినవాళ్లు ఈ పిల్లలకు రెండు భాషల్లో పుస్తకాలు, మొదటి ఏడాది ప్రత్యేక తరగతులు సమకూర్చాలి. దారుల్ తర్జుమా మీద పెట్టినంత శ్రద్ధ వీళ్ల మీదా పెట్టాలి.