కదలెడి చదరంగము

చదరంగము యుద్ధమునకు ప్రతిరూపమని మనమెల్లరము ఎరుగుదుము. అయినను ఆ బల్లమీద కేక లేదు, నెత్తురు లేదు. చచ్చిన బంటును రెండు వ్రేళ్లతో తీసి ప్రక్కన బెట్టుదుము, అంతియే.

తొలుత ఇట్లుండలేదు. గజ తురగ రథ పదాతులను నాలుగంగములు గల సేనకు చతురంగమని పేరు. మన చదరంగ శబ్దము దానినుండి పుట్టినదే. సుమారు 6వ శతాబ్దమునాటికి భారతదేశమున నున్న ఈ యాట పారసీకులకును, వారినుండి అరబ్బులకును చేరెను. అరబ్బుల యొద్ద ఏనుగును గుర్రమును రూపము గోల్పోయి వట్టి గుర్తులుగా మిగిలినవి. ఐరోపాకు బోయినపిదప మంత్రి రాణి యయ్యెను; రథము కోట యయ్యెను.

ఆ గుర్తులకు మరల దేహము నిచ్చినవారు అమెరికాలోని ఇంటర్‌ప్లే సంస్థవారు. 1988లో వారు అమిగా కంప్యూటరుకొరకు ‘బాటిల్ చెస్’ అను ఆటను వెలువరించిరి. అందు బొమ్మలు గడినుండి గడికి తామే నడచిపోవును. కోట కదలి రాతిరక్కసుడగును. వీరుడు వీరునితో తలపడినపుడు చేతులు, కాళ్లు ఒక్కటొక్కటిగా తెగిపడును. ఇది 1975నాటి ఒక ఆంగ్ల హాస్యచిత్రమును తలపించు పరిహాసము.

1990లో డేటా ఈస్ట్ సంస్థ దీనిని నింటెండోవారి ఇంటి యాటయంత్రమునకు దెచ్చెను. ఆ యంత్రమెంతటిదని యడిగెదరేమో! దాని పని జ్ఞాపకము 2 కిలోబైట్లు. మెదడు సెకండునకు సుమారు 18 లక్షల స్పందనలది. తెరపై ఒక్క అడ్డగీతలో ఎనిమిదికి మించి కదలు బొమ్మతునుకలు కనబడవు. ఒక్కొక్క తునుక వెడల్పు ఎనిమిది చుక్కలే. రాజులును రక్కసులును ఆ యిరుకులోనే కొట్టుకొనవలసి వచ్చెను. ఎత్తు నాలోచించుటకును ఆ మెదడే గతి.

ఈ కొట్లాటలో నాకు వింతగా దోచినది వేరొకటి. ఇందు గెలుపోటములకు తావు లేదు. చంపవచ్చినవాడే గెలుచును, బంటు రాణిపైకి బోయినను రాణియే కూలును. తీర్పు ముందు, పోరు తరువాత! అందుచేత పదిమారులు చూచిన దృశ్యము పదునొకండవమారు విసుగు పుట్టించును. ఆట నేర్చినవారు త్వరపడుదురు. వారికొరకే కాబోలు, మొదటి ఆటలోనే బొమ్మలు పోరాడని చదునుబల్లను గూడ కూర్చిరి.

అయినను నేను పోరాడు బల్లవైపే మొగ్గుదును. ఎత్తుకొరకు బంటును బలియిచ్చువాడు చదునుబల్లమీద లెక్క మాత్రమే చూచును. ఇచ్చట ఆ బంటు కూలువరకు, చేతులు ముడుచుకొని చూచుచు కూర్చుండవలెను.