సమ్మయ్యలు, సాఫ్ట్‌వేరు, సుప్రీంకోర్టు

భూపాలపల్లి బజార్లో నిలబడి "సమ్మయ్యా!" అని ఒక్క కేక పెట్టి చూడండి. ఎంతమంది తల తిప్పి చూస్తారో! మేడారం దగ్గర కాబట్టి ఆ వైపంతా సమ్మయ్యలు, సమ్మక్కలు, సారయ్యలు, సారక్కలే. ఇటు జనగామ వైపొస్తే కొమురవెల్లి, ఐనవోలు మల్లన్నల పుణ్యమా అని కొమురయ్యలు, మల్లయ్యలు, ఐలయ్యలు. అన్నారం యాకూబ్ షావలి దర్గాకి మొక్కుకుని పెట్టుకున్న యాకయ్యలు, యాకమ్మలు (వీళ్ళలో హిందువులే ఎక్కువ) ఏ ఊరెళ్ళినా తగులుతారు. మానుకోట తండాల్లో సంగతి ఇంకో రకం. భూక్య, బానోతు, గుగులోతు, ధరావత్... నాలుగైదు ఇంటిపేర్లతోనే తండా అంతా సరిపోతుంది. పైగా ఇంగ్లీషు స్పెల్లింగు ఓటరు కార్డులో ఒకటి, ఆధార్లో ఇంకొకటి, పాసుబుక్కులో మరొకటి.

ఈ పేర్ల గోలంతా ఎందుకంటే, మన రాష్ట్రంలో ప్రైవసీ మీద జరిగిన ఒక పెద్ద కోర్టు తగాదాకి మూలం ఇక్కడుంది. మనవాళ్ళకి ప్రైవసీ అనగానే వాట్సాప్, ఫేస్‌బుక్ గుర్తొస్తాయి. రేషన్ కార్డు గుర్తు రాదు.

2014 ఆగస్టు 19 మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. సమగ్ర కుటుంబ సర్వే. అప్పటికి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ వరంగల్ జిల్లాలోవే (విడివిడి జిల్లాలైంది 2016 అక్టోబరు 11న). దాదాపు నాలుగు లక్షల మంది సిబ్బంది, కోటి ఇళ్ళు, ఒక్కటే రోజు! భివండీ, సూరత్ నుంచి మగ్గం పనివాళ్ళు రైళ్ళలో వేలాడుతూ వచ్చారు. ఇంట్లో లేకపోతే లెక్కలోంచి పోతాం, పింఛనూ బియ్యమూ ఆగిపోతాయి అని ఊరూరా ప్రచారం. కొందరు హైకోర్టుకెళ్ళారు. బ్యాంకు ఖాతాలు, ఆస్తులు, జబ్బులు ఇవన్నీ ఏ చట్టం కింద అడుగుతున్నారని వాళ్ళ ప్రశ్న. వివరాలు చెప్పడం తప్పనిసరి కాదు, ఇష్టమైతేనే చెప్పొచ్చు అంది ప్రభుత్వం. కోర్టు సర్వేని ఆపలేదు. కోర్టులో 'ఇష్టమైతేనే' అన్న మాట ఊళ్ళో దండోరా దాకా రాలేదు, అదీ సంగతి.

ఆ తర్వాతి ఏళ్ళలో వచ్చింది 'సమగ్ర వేదిక'. రవాణా శాఖ, విద్యుత్తు, ఆస్తిపన్ను, భూమి రికార్డులు, పింఛన్లు... ఇలా పాతిక ముప్పై చోట్ల ఉన్న డేటాని కలిపి, ఈ మనిషీ ఆ మనిషీ ఒకరేనా అని తేల్చే సాఫ్ట్‌వేరు. మన భాషలో ఎంటిటీ రిజల్యూషన్. ఈ పని నేనూ కొన్నాళ్ళు చేశాను, ఓ కంపెనీకి కస్టమర్ రికార్డులు కలపడం. పేరు, తండ్రి పేరు, అడ్రసు తీసుకుని ఎంత శాతం పోలిక ఉందో చూస్తాం, ఒక గీత గీస్తాం, గీత దాటితే ఇద్దరూ ఒకరే అంటాం. గీత కింద పెడితే వేరువేరు మనుషులు కలిసిపోతారు, పైన పెడితే ఒకే మనిషి ఇద్దరవుతాడు. రెండూ తప్పించే గీత లేదు. మా ప్రాజెక్టులో తప్పు జరిగితే ఒకాయనకి ఆఫర్ మెయిల్ రెండుసార్లు వెళ్ళేది. ఇక్కడ తప్పు జరిగితే మనిషికి నెలకి ఆరు కిలోల బియ్యం పోతాయి.

నాలుగు చక్రాల బండి ఉన్నవాళ్ళకి ఆహార భద్రత కార్డు లేదన్నది రూలు. రూలు బాగానే ఉంది. కానీ వరంగల్లో కారున్న సమ్మయ్య తండ్రి మల్లయ్య, కూలికెళ్ళే ఇంకో సమ్మయ్య తండ్రి కూడా మల్లయ్యే అయితే? మిషన్‌కి తెలిసేదల్లా అక్షరాలు. తెలంగాణలో ఇలా రకరకాల కారణాలు చూపి రద్దు చేసిన కార్డులు 19 లక్షలు. చాలామందికి నోటీసు లేదు. నెల మొదట్లో డీలరు దగ్గరికెళ్తే "నీ కార్డు ఎగిరిపోయిందే" అనడమే నోటీసు.

హైదరాబాద్ సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ దీని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆ 19 లక్షల కార్డులనీ క్షేత్రస్థాయిలో, అంటే ఇంటికెళ్ళి, మళ్ళీ పరిశీలించమంది. ఆ లెక్కలు 2024 జనవరిలో అల్ జజీరా ప్రచురించిన పరిశోధనలో ఉన్నాయి. మళ్ళీ చూడమని 4,91,899 దరఖాస్తులొచ్చాయి. 2022 జూలై నాటికి చూసినవి 2,05,734. అందులో 15,471 మంది అర్హులేనని అధికారులే ఒప్పుకున్నారు. అంటే ఏడున్నర శాతం. ప్రొడక్షన్‌లో ఏడున్నర శాతం ఫాల్స్ పాజిటివ్‌తో రిలీజ్ చేస్తే మన మేనేజరు ఏమంటాడో మీకే తెలుసు. ఇది మళ్ళీ అడగ్గలిగిన వాళ్ళ లెక్క మాత్రమే. అడగనివాళ్ళ సంగతి ఇందులో లేదు.

2025 జనవరి 21 నుంచి 24 దాకా కొత్త రేషన్ కార్డుల జాబితాలు గ్రామసభల్లో చదివారు. చాలా ఊళ్ళలో పెద్ద గొడవలే అయ్యాయి. నా మటుకు నాకు ఆ గొడవే బాగుందనిపించింది. "చెరువు కట్ట కింది సమ్మయ్యకి కారెక్కడిదయ్యా" అని అడిగేవాడు సభలో ఉంటాడు, అల్గారిథంలో ఉండడు. మరి పేర్లు పదిమందిలో చదివితే ప్రైవసీ ఏమైనట్టు? నిజమే, ఈ రెండిటికీ పడదు. 2023 డేటా రక్షణ చట్టం ఈ ముడిని ఇంకా బిగించింది. సబ్సిడీల కోసమైతే ప్రభుత్వం చాలా సందర్భాల్లో విడిగా మన అనుమతి అడగక్కర్లేదు. అదే చట్టంతో సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారం సెక్షన్ని కూడా మార్చి, జాబితాలు అడిగేవాళ్ళకి తలుపు వేశారు. మన వివరాలు వాళ్ళకి కనపడాలి, వాళ్ళ జాబితాలు మనకి కనపడకూడదు. ఇదేం ప్రైవసీయో!

కొంచెం వెనక్కెళ్దాం. ఈ విషయంలో మన హైకోర్టుకి మంచి చరిత్రే ఉంది, ఎవరూ చెప్పుకోరు గానీ. 1986లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్టాంపుల చట్టం 73వ సెక్షన్‌ని సవరించింది. కలెక్టరు ఎవరికి కాగితం రాసిస్తే వాళ్ళు ఏ ఆవరణలోకైనా వెళ్ళొచ్చు, దస్తావేజులు చూడొచ్చు, స్టాంపు డ్యూటీ తక్కువైందనిపిస్తే పట్టుకెళ్ళొచ్చు. అలా బ్యాంకుల్లోకి వెళ్ళి, జనం లోన్ల కోసం కుదువపెట్టిన కాగితాలు తియ్యబోయారు. కెనరా బ్యాంకు, ఇంకొన్ని బ్యాంకులు కోర్టుకెళ్ళాయి. హైకోర్టు ఆ సెక్షన్ని కొట్టేసింది. 2004 నవంబరు 1న సుప్రీంకోర్టు కూడా అదే నిలబెట్టింది.

ఆ తీర్పులో అసలు పాయింటు ఇది. నీ కాగితం బ్యాంకుకిచ్చినంత మాత్రాన దాని మీద నీ గోప్యత పోదు, ప్రైవసీ ఉండేది మనిషికి, చోటుకి కాదు. అమెరికా సుప్రీంకోర్టు 1976లో మిల్లర్ కేసులో సరిగ్గా దీనికి ఉల్టా చెప్పింది. బ్యాంకుకిచ్చావు కాబట్టి నీదేం లేదు అని. వాళ్ళు సెల్‌ఫోన్ లొకేషన్ రికార్డుల విషయంలో కార్పెంటర్ కేసులో కొంచెం వెనక్కి తగ్గింది 2018లో. అంటే మన స్టాంపుల కేసు పద్నాలుగేళ్ళు ముందుందన్నమాట! క్లౌడ్‌లో డేటా పెట్టే మనందరికీ పనికొచ్చే సూత్రం హైదరాబాద్ రిజిస్ట్రారు ఆఫీసు కేసులోంచి పుట్టింది.

తర్వాత కథ మీకు తెలిసిందే. ఆధార్ కేసులో 2015లో కేంద్రం, అసలు ప్రైవసీ ప్రాథమిక హక్కే కాదని వాదించింది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా, హక్కేనన్నారు. ఆ తొమ్మిదిమందిలో మన కృష్ణా జిల్లా జస్టిస్ చలమేశ్వర్ ఒకరు. ఆధార్ మీద పోరాడిన పిటిషనర్లలో బాల కార్మికుల కోసం పనిచేసి మెగసెసే అందుకున్న శాంతా సిన్హా ఉన్నారు. 2018 సెప్టెంబరు 26న ఆధార్ నిలిచింది, ప్రైవేటు కంపెనీలు అడగడం పోయింది, సంక్షేమ పథకాలకి మాత్రం అడగొచ్చన్నారు. అంటే మనలాంటివాళ్ళ సిమ్ కార్డుకి ఊరట దొరికింది, సమ్మయ్య బియ్యానికి దొరకలేదు.

ఇక భూపాలపల్లి ఇంకో కథలోనూ ఉంది. పోలీసు శాఖలో స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచి, ఎస్ఐబీ, మావోయిస్టుల కదలికలు కనిపెట్టడానికి పెట్టుకున్న విభాగం. మహాదేవపూర్ అడవుల్లాంటి చోట్ల కోసం అనుకోండి. 2024 మార్చి 10న హైదరాబాద్ పంజాగుట్ట స్టేషన్లో కేసైంది. ఆ యంత్రాంగంతో రాజకీయ నాయకుల, ఇంకా చాలామంది ఫోన్లు విన్నారని, 2023 డిసెంబరు 4న, అంటే ఎన్నికల ఫలితాల మర్నాడు, హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని ఆరోపణ. అరెస్టయిన వాళ్ళలో అప్పటి భూపాలపల్లి అదనపు ఎస్పీ ఉన్నారు. ఆయన అంతకు ముందు ఇంటెలిజెన్స్‌లో పనిచేశారు. ఎస్ఐబీ మాజీ అధిపతి టి. ప్రభాకర్ రావు సుప్రీంకోర్టు రక్షణ ఇచ్చాక 2025 జూన్‌లో అమెరికా నుంచి వచ్చి దర్యాప్తు బృందం ముందుకెళ్ళారు. ఇవి ఆరోపణలే, నేరం రుజువు కావడం వేరే సంగతి. నా ప్రశ్న మనుషుల గురించి కాదు, డిజైన్ గురించి.

ఫోను వినడానికి అప్పట్లో ఆధారం 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం. 1996లో పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు కొన్ని కట్టుబాట్లు పెట్టింది. హోం కార్యదర్శి ఆర్డరుండాలి, రెండు నెలలే, పొడిగించినా ఆరు నెలలు దాటకూడదు, పైన ఒక రివ్యూ కమిటీ. ముందే జడ్జి అనుమతి కావాలని పిటిషనర్లు అడిగారు, కోర్టు ఒప్పుకోలేదు. 2007లో ఇవే 419ఏ రూలయ్యాయి. అడిగేది అధికారి, ఇచ్చేది అధికారి, సమీక్షించేది ముగ్గురు అధికారులు! 2023 టెలికాం చట్టం, 2024 డిసెంబరులో దాని కింద వచ్చిన రూల్స్ కూడా ఈ ఏర్పాటుని మార్చలేదు.

ఇందులో నన్ను బాగా ఆలోచింపజేసింది ఒక చిన్న నిబంధన. అవసరం తీరిన రికార్డులని ఆరు నెలలకోసారి చెరిపెయ్యాలి. పెట్టింది మన ప్రైవసీ కోసమే. కానీ విన్నవాడే చెరిపేవాడైతే, వినబడ్డవాడికి తన ఫోను విన్నారని ఎప్పటికీ తెలియదు, తెలిసినా సాక్ష్యం ఉండదు. మన ఆఫీసుల్లో డీబీఏ ప్రొడక్షన్ టేబుల్ మీద ఒక్క సెలెక్ట్ కొడితే లాగ్ ఇంకో టీమ్ దగ్గర పడుతుంది, దాన్ని అతను ముట్టుకోలేడు. పేరోల్ టేబుల్‌కి ఉన్నపాటి రక్షణ పౌరుడి గొంతుకి లేదు.

2024 జూన్‌లో తెలంగాణ హైకోర్టు పత్రికల్లో వచ్చిన వార్తల ఆధారంగా ఈ వ్యవహారాన్ని తనంతట తానే విచారణకి తీసుకుంది. ఆ వార్తల్లో ఉన్నది ఏమిటంటే, విన్న ఫోన్లలో ఒకటి హైకోర్టు న్యాయమూర్తిదని.