తపాలా బిళ్ళలు – విశ్రాంత జీవికి కాలక్షేపం, చరిత్ర పాఠం



ఇంటిపట్టున ఉండి, పెద్దగా ఖర్చు లేకుండా చేసుకోదగిన మంచి వ్యాపకం గురించి ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి గారు నన్ను కోరారు. నేను పండితుణ్ణి కాను. 1972లో ఎల్.డి.సి.గా చేరి, 2008లో పదవీ విరమణ చేసేవరకు 36 సంవత్సరాలు నోట్ ఫైలు, డ్రాఫ్టు తప్ప మరో రచన ఎరుగని గుమాస్తాను. అయినా పెద్దల మాట కాదనలేక, నాకు తెలిసిన నాలుగు ముక్కలు మనవి చేసుకుంటున్నాను.

రిటైరైన తొలి ఆరు నెలలు నా సంగతి ఏమని చెప్పను! ఉదయం పది గంటలయ్యేసరికి కాళ్ళు వాటంతటవే వీధి గుమ్మం వైపు నడిచేవి. వెళ్ళడానికి ఆఫీసు లేదు. ఆ అధికారమంతా ఇంట్లో చూపించడం మొదలుపెట్టాను. పాలవాడి లెక్కకు ఎర్రసిరాతో టిక్కులు పెట్టాను. పనిమనిషి వచ్చే వేళను హాజరు పట్టీలో రాశాను. ఒకరోజు మా ఇంటావిడ, "మీరు ఆఫీసుకు వెళ్ళినన్నాళ్ళే ఈ ఇల్లు ప్రశాంతంగా ఉండేదండీ" అని ఉన్నమాట అనేసింది. ఆ మాటకు చిన్నబుచ్చుకుని అటకమీది సామాను సర్దుదామని నిచ్చెన ఎక్కాను. అక్కడ దొరికింది పాత బిస్కెట్ల రేకు డబ్బా. అందులో నా చిన్ననాటి తపాలా బిళ్ళలు, ఇన్‌వార్డు సెక్షనులో పనిచేసిన రోజుల్లో పోగుచేసినవి, అన్నీ కలగాపులగంగా ఉన్నాయి. నాటి నుంచి నేటి వరకు నాకు పొద్దుపోకపోవడం అనే మాట లేదు.

తపాలా బిళ్ళ పుట్టుక

ప్రపంచంలో మొట్టమొదటి అంటించే తపాలా బిళ్ళ 1840 మే నెలలో ఇంగ్లండులో వచ్చింది. నల్లరంగు, ఒక పెన్నీ వెల, మీద విక్టోరియా రాణి తల. రోలండ్ హిల్ అనే ఆయన ఆలోచన అది. అంతకు పూర్వం అక్కడ ఉత్తరం అందుకున్నవాడే సాధారణంగా డబ్బు కట్టేవాడు. దూరాన్నిబట్టి, కాగితాల లెక్కనుబట్టి రుసుము మారేది. పంపేవాడే ముందుగా కొద్దిపాటి వెల చెల్లించాలి, దూరం ఎంతైనా వెల ఒకటే అన్న పద్ధతి అప్పుడు వచ్చింది. మొదట బిళ్ళ వేసినది తామే గనుక ఇంగ్లండువారు నేటికీ తమ బిళ్ళల మీద దేశం పేరు వేయరు. రాజు లేక రాణి తల ఉంటే చాలు.

మన దేశంలో మొదటి బిళ్ళ సింధు రాష్ట్రంలో పుట్టింది. 1852లో అక్కడి కమిషనరు బార్టిల్ ఫ్రియర్ అర అణా బిళ్ళలు వేయించాడు. ఆసియా ఖండానికే మొదటి బిళ్ళలవి. తరువాత 1854 అక్టోబరు 1 నుంచి దేశమంతటికీ ఒకే తీరు బిళ్ళలు అమలులోకి వచ్చాయి. కలకత్తాలో అచ్చువేసిన నీలిరంగు అర అణా బిళ్ళ అంటించి, పావు తులం బరువుగల ఉత్తరాన్ని దేశంలో ఎంత దూరమైనా పంపవచ్చును. కూలికి ఊరు విడిచిన కొడుకు క్షేమం తల్లికి తెలియడానికి అర అణా చాలునన్నమాట. కంపెనీవారు తమ పాలన సౌకర్యానికే ఈ ఏర్పాటు చేసుకున్నా, సామాన్యుడికీ మేలు జరిగింది. 1879లో పావు అణా కార్డు కూడా వచ్చాక, ఒకరిచేత రాయించుకుని, మరొకరిచేత చదివించుకునైనా బీదవాళ్ళు ఉత్తరాలు నడుపుకున్నారు.

ఇంకొక విశేషం. ఉత్తరాలు విమానంలో వెళ్ళడం ప్రపంచంలో అధికారికంగా మొదలైనది మన దేశంలోనే. 1911 ఫిబ్రవరి 18న అలహాబాదు నుంచి యమున దాటి నైనీ వరకు, హెన్రీ పెకె అనే ఫ్రెంచి వైమానికుడు సుమారు 6,500 ఉత్తరాలు మోసుకెళ్ళాడు. ఈ సంగతి మా మనవడికి చెబితే నమ్మక, సెల్‌ఫోనులో వెతికి చూసి, ఆ తరువాతే నన్ను గౌరవంగా చూశాడు!

నిజాం బిళ్ళలు, నేను చేసిన తప్పు

మాది నల్లగొండ జిల్లా. మా పెద్దల కాలంలో హైదరాబాదు సంస్థానానికి సొంత నాణెం, సొంత రైలు ఉన్నట్లే సొంత తపాలా కూడా ఉండేది. 1869లో సంస్థానం బిళ్ళలు మొదలయ్యాయి. అవి సంస్థానం ఎల్లల లోపలే చెల్లేవి. 1931లో వేసిన వరుస బహు ముచ్చటైనది. ఒక అణా బిళ్ళ మీద చార్మినారు, రెండు అణాల మీద హైకోర్టు, నాలుగు అణాల మీద ఉస్మాన్‌సాగర్, ఎనిమిది అణాల మీద అజంతా గుహల ద్వారం, పన్నెండు అణాల మీద బీదరు మదర్సా, రూపాయి మీద దౌలతాబాదు ద్వారం. నిజాం ఏలిన తెలుగు, మరాఠీ, కన్నడ సీమలన్నీ ఆ ఆరు బిళ్ళల్లో కనబడతాయి. 1948లో సంస్థానం భారతదేశంలో కలిసింది. 1950 నాటికి ఆ బిళ్ళలకూ చెల్లుచీటీ అయింది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. నాకు పన్నెండేళ్ళ వయసులో, బడిలో తోటి పిల్లలను చూసి నాకూ బిళ్ళల పిచ్చి పట్టింది. మా నాయన ట్రంకుపెట్టెలో పాత ఉత్తరాల కట్ట ఉండేది. నేను పుట్టకముందు మా అమ్మ పుట్టింటి నుంచి నాయనకు రాసిన ఉత్తరాలవి. అమ్మ బడికి వెళ్ళలేదు. మా మేనమామ దగ్గర అక్షరాలు దిద్దుకుని, కూడబలుక్కుని రాసేది. ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు ఆ కవర్లన్నీ నీళ్ళలో నానబెట్టి చార్మినారు బిళ్ళలు ఊడదీసుకున్నాను. తడిసి సిరా అలుక్కుపోయిన కవర్లను, వాటితోపాటు లోపలి కాగితాలను కూడా, నీళ్ళ కాగు కింద పొయ్యిలో వేశాను. సాయంత్రం నాయన వచ్చి ఖాళీ పెట్టె చూశాడు. కొట్టలేదు, తిట్టలేదు. పొయ్యి దగ్గరికి వెళ్ళి బూడిద కేసి కాసేపు చూసి, వాకిట్లోకి వెళ్ళి కూర్చున్నాడు.

అమ్మ 1968లో పోయింది. ఆమె చేతిరాత అన్నది మా ఇంట్లో ఒక్క ముక్క కూడా మిగలలేదు. ఆ బిళ్ళలు మాత్రం పదకొండు ఉన్నాయి. వాటి మీద సగం సగం తపాలా ముద్రలు. ఏ ఊరిదో, ఏ తేదీదో చదువుదామంటే మిగతా సగం కవరు మీద ఉండిపోయింది. ఆ బిళ్ళలు బజారులో కొద్ది డబ్బులకు దొరికేవే. పోయినవి మాత్రం ఏ బజారులోనూ దొరకవు. పాత కవరును చించవద్దని ఎక్కడికి వెళ్ళినా నేను చెప్పడానికి కారణమిదే.

స్వతంత్ర భారతం

1947 నవంబరు 21న స్వతంత్ర భారతదేశపు మొదటి బిళ్ళ వెలువడింది. మూడున్నర అణాల వెల, మువ్వన్నెల జెండా, పక్కన జైహింద్ అన్న అక్షరాలు. అంతకు ముందు రాజుగారి తల ఉన్నచోట జెండా కనిపించినప్పుడు ఆనాటివారికి ఎలా ఉండి ఉంటుందో ఊహించండి.

1948 ఆగస్టు 15న గాంధీజీ బొమ్మతో నాలుగు బిళ్ళలు వచ్చాయి. స్విట్జర్లాండులో అచ్చువేయించిన వీటిలో పెద్దది పది రూపాయలది. గవర్నరు జనరల్ కార్యాలయం వాడకానికి కొన్నింటి మీద సర్వీసు అని ముద్ర వేయించారు. అటువంటి పది రూపాయల బిళ్ళలు నాలుగు కలిసి ఉన్న వరుస 2017లో 5 లక్షల పౌండ్లకు అమ్ముడుపోయింది. సర్వీసు బిళ్ళలు నేనూ వేలకొద్దీ అంటించాను. వాటిని ఎవరూ పౌండ్లు పెట్టి కొనరు లెండి! సాయంత్రం బిళ్ళల లెక్క రిజిస్టరులో పాతిక పైసలు తగ్గితే నా జేబులోంచి వేసుకున్న రోజులు మాత్రం బాగా గుర్తు.

1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చినప్పుడు భారతదేశ పటంతో కొత్త బిళ్ళలు వచ్చాయి. 1971 నవంబరులో బంగ్లాదేశ్ శరణార్థుల సహాయార్థం ఉత్తరాలకు 5 పైసల అదనపు బిళ్ళ తప్పనిసరి చేశారు. మొదట కుటుంబ నియంత్రణ బిళ్ళ మీదనే శరణార్థి సహాయం అని ముద్ర కొట్టి ఇచ్చారు, పిమ్మట ప్రత్యేక బిళ్ళ వేశారు. నేను ఉద్యోగంలో చేరేసరికి అది అమలులో ఉంది. ఎందుకీ అదనపు బిళ్ళ అని విసుక్కుంటూ అంటించేవాణ్ణి. సుమారు కోటిమంది ఇల్లూ వాకిలీ వదిలి మన దేశంలోకి వచ్చారని, ఆ 5 పైసలు వారి కోసమని తరువాత తీరికగా చదివినప్పుడు గాని మనసుకు ఎక్కలేదు. 1973లో దాన్ని తీసివేశారు.

మన తెలుగువారి బిళ్ళలు వేరుగా ఒక పుస్తకంలో పెట్టుకున్నాను. త్యాగరాజస్వామి (1961), వేమన, టంగుటూరి ప్రకాశం (1972), కందుకూరి వీరేశలింగం (1974), దుర్గాబాయి దేశ్‌ముఖ్ (1982), అల్లూరి సీతారామరాజు (1986), పొట్టి శ్రీరాములు (2000), పింగళి వెంకయ్య (2009). 1975లో హైదరాబాదులో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినప్పుడు కూడా ఒక బిళ్ళ వచ్చింది. అదే సంవత్సరం వచ్చిన నాట్యాల వరుసలో మన కూచిపూడి ఉంది. ఒక్కొక్క బిళ్ళ కింద నాలుగు వాక్యాలు రాయాలంటే గ్రంథాలయానికి వెళ్ళి ఒక పుస్తకమైనా తిరగవేయాలి. ఈ వయసులో మెదడు తుప్పు పట్టకుండా ఉండడానికి ఇంతకంటే చవకైన మందు నాకు తెలియదు.

ఖర్చు ఎంత? పద్ధతి ఏమిటి?

ఇది రాజుల అభిరుచి అని పేరు. ఇంగ్లండు రాజు అయిదవ జార్జి గొప్ప సేకర్త. అయినా మన పెన్షనుకు అందుబాటులోనిదే. ఒక దళసరి కాగితాల నోటుపుస్తకం, చిన్న పట్టకారు, ఒక భూతద్దం చాలు. భూతద్దం మనలో చాలామంది దగ్గర వార్తాపత్రిక కోసం ఎలాగూ ఉంటుంది.

కవరు పాతదైతే, ముద్ర చక్కగా ఉంటే, చేతిరాత ఉంటే ముట్టుకోవద్దు. కవరు మొత్తంగా దాచండి. మామూలు కొత్త కవరైతే బిళ్ళ చుట్టూ అంగుళం వదిలి కత్తిరించి, పళ్ళెంలో చన్నీళ్ళు పోసి పావుగంట, ఇరవై నిమిషాలు నానబెట్టాలి. జిగురు కరిగి బిళ్ళ దానంతటదే జారుతుంది. గోటితో లాగరాదు. తెల్ల అద్దుడు కాగితం మీద బోర్లా ఆరబెట్టి, బరువైన పుస్తకం కింద ఒక రాత్రి ఉంచితే చదునవుతుంది. పుస్తకంలో జిగురుతోగాని, అంటుకునే టేపుతోగాని అంటిస్తే బిళ్ళ పాడైనట్లే. వానాకాలం చెమ్మ తగలనీయకండి.

ఎక్కడ దొరుకుతాయంటారా? 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు మా రికార్డు గదిలో కాలం చెల్లిన ఫైళ్ళతోపాటు పాత కవర్ల మూట బయటపడింది. చిత్తుకాగితాల వాడికి పోయే కవర్లే అయినా, తీసుకోవడానికి అనుమతి కోరుతూ నోట్ పెట్టాను. మా అధికారి నవ్వి, "చిరిగిన కవరుకు కూడా నోట్ ఫైలేనా!" అంటూనే సంతకం చేశారు. ఈనాడు ఆఫీసుల్లో కాగితమే తగ్గిపోయింది. తంతి సేవ 2013 జూలైలో ఆగిపోయింది. అందుచేత బయట వెతకడం కంటే మన ఇళ్ళలో వెతకడమే మేలు. కొత్త బిళ్ళలు కావాలంటే పెద్ద తపాలా కార్యాలయాల్లోని ఫిలాటలీ విభాగంలో ముందుగా కొంత డబ్బు కట్టి ఖాతా తెరిస్తే ఇంటికే పంపుతారు.

మనవల సంగతి కూడా చెబుతాను. వేసవి సెలవుల్లో మా మనవడు, "తాతయ్యా, అణా అంటే ఏమిటి?" అని అడిగాడు. రూపాయికి 16 అణాలు, అణాకు 4 పైసలు, ఆ లెక్కన రూపాయికి 64 అని చెబితే నోరు తెరిచాడు. ఆ పాత పైస వేరు, ఇప్పటి పైస వేరు అని బిళ్ళలు చూపించి విడమరచాను. అంతవరకు సెల్‌ఫోను వదలని పిల్లవాడు రెండు గంటలు నా పక్కన కూర్చున్నాడు. బిళ్ళల సేకరణలో ఆసక్తి గల 6 నుంచి 9వ తరగతి పిల్లల కోసం తపాలా శాఖ 2017లో స్పర్శ్ అనే పథకం పెట్టి, ఎంపికైనవారికి సంవత్సరానికి 6,000 రూపాయల ఉపకార వేతనం ప్రకటించింది. మీ మనవలు ఆ తరగతుల్లో ఉంటే తపాలా కార్యాలయంలో ఒకసారి విచారించండి.

చివరగా ఒక మనవి. ఈ సంచిక చదివిన తరువాత ఈ ఆదివారం మీ ఇంటి ట్రంకుపెట్టె తెరవండి. పాత ఉత్తరాలు ఉంటే చెదలు దులిపి, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఒకసారి చదివి వినిపించండి. బిళ్ళ సంగతి తరువాత చూసుకోవచ్చును. నెలనెలా జరిగే మన సంఘ సమావేశానికి నా పుస్తకాలు తెస్తాను. రెండేసి ఉన్న బిళ్ళలు ఇచ్చిపుచ్చుకుందాం. కవరు తెచ్చినవారు మాత్రం దయచేసి చించి తీసుకురావద్దు.

సెలవు.