చప్పుడు తగ్గిన చరిత్ర

వాహనాల చరిత్ర అనగానే వేగమూ బలమూ స్ఫురిస్తాయి. చప్పుడు ఎలా తగ్గుతూ వచ్చిందన్నది పెద్దగా ఎవరూ చెప్పుకోరు. రేంజ్ రోవర్ కథను ఆ కోణంలో చూద్దాం.

దాని పూర్వీకురాలైన లాండ్ రోవర్ 1948లో వెలువడింది. యుద్ధానంతరం ఉక్కుకు కరువు కనుక పైతొడుగు అల్యూమినియం. అడుగున నిచ్చెన ఆకారపు ఉక్కు చట్రం, దానికి కమాన్ పట్టీలు. రైతుకు పనికిరావాలన్నదే ధ్యేయం. కుదుపులు ఆ పనిలో భాగమే!

1970లో రేంజ్ రోవర్ వచ్చింది. పట్టీల స్థానంలో కాయిల్ స్ప్రింగులు, సాఫీగా తిరిగే 3.5 లీటర్ల వి8 ఇంజను. అయినా లోపల నీళ్ళు కొట్టి కడుక్కోదగిన వినైల్ సీట్లే. నాలుగు గేర్ల పెట్టె రొదకు పేరుమోసింది. ఈ చరిత్ర సారమంతా ఇక్కడే ఉంది: ఒక చప్పుడును అణచగానే దాని వెనుక దాగిన మరొకటి బయటపడుతుంది. ఇంజను ఊరుకుంటే గేర్లు, గేర్లు ఊరుకుంటే గాలి, గాలి ఊరుకుంటే టైర్లు.

1980ల చివర, నాలుగు చక్రాలకూ శక్తిని పంచే పెట్టెలో గేర్లకు బదులు గొలుసు వచ్చింది. 1992లో గాలి స్ప్రింగులు వచ్చాయి. 2002 నాటి మూడవ తరంలో విడి చట్రం పోయి, చట్రమూ పైభాగమూ ఒక్కటయ్యాయి. బిగువైన నిర్మాణంలో వణుకు తక్కువ.

2021లో ఆవిష్కరించిన అయిదవ తరంలో చక్రాల దగ్గర మైకులు, తల ఆన్చే దిండ్లలో స్పీకర్లు అమర్చారు. వచ్చే రొదకు సరిగ్గా ఎదురు తరంగాన్ని పుట్టించి దానిని రద్దు చేయడమే కిటుకు. ఈ ఊహకు పౌల్ లూగ్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు 1936లోనే అమెరికా పేటెంటు పొందాడు! అయితే ఇది బొంగురు రొదలకే బాగా పనిచేస్తుంది. సన్నని ఈలలకు మందపు అద్దాలూ రబ్బరు అంచులే దిక్కు.

ఒక్క మాట మాత్రం నన్ను వదలడం లేదు. ఎదురు తరంగం రొదను రద్దు చేసేది కూర్చున్నవారి చెవుల దగ్గరే. టైరు రోడ్డును ఒరుసుకునే చప్పుడు బయట నడిచేవారికి ఎప్పటిలాగే వినిపిస్తుంది. వెనుకటి డ్రైవరు ఆ చప్పుడు విని రోడ్డు తడిని, గేరు అరుగుదలను పసిగట్టేవాడు. ఇప్పుడు బండి గోడు బాటసారికి తెలిసినంతగా నడిపేవారికి తెలియదు. దీనిని నిశ్శబ్దమందామా, చెవులు మూసుకోవడమందామా?