పాత క్రేను పక్కన సెగలు కక్కే పెట్టె

అన్నలూ, తమ్ముళ్లూ, పాత క్రేను బరువెత్తుతుంటే జాలీ పెట్టె ఒకటి సెగలు కక్కుతుంది, చూశారా? అదే రెసిస్టర్ బాక్స్. మోటారు ఒక్కసారిగా కరెంటు గుంజకుండా, బరువు మెల్లగా లేవడానికి పెట్టింది. ఎక్కువైన శక్తి అక్కడ వేడిగా పోతుంది.

మొదట్లో ఇందులో పోత ఇనుప పలకలుండేవి. ట్రాములకూ అవే. చవకే గానీ పెళుసు, అదురుకు పగిలేవి. 1906లో అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్‌కు నికెల్, క్రోమియం కలిపిన లోహం మీద పేటెంటు వచ్చింది. అదే నిక్రోమ్, మన రూముల్లో హీటరు కాయిల్ కూడా అదే. ఎర్రగా కాలినా తొందరగా తినేసుకుపోదు.

మా సైటులో ఇనుప పలకల క్రేనే ఉండేది. ఒక పలక విరిగితే ఎవరో వైరు ముక్కతో కొసలు కలిపేశారు. పని ఆగొద్దు కదా! మూడు ఫేజుల లెక్క తప్పి బరువు కుదుపుతో లేచి ఊగింది. కింద మనోడు ఒకడున్నాడు, వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. మెయిన్ ఆపి, చల్లారాక, ఎలక్ట్రీషియన్‌తో కలిసి పెట్టె విప్పాం. ఉప్పు దుమ్ము ఊది, కాలిన మైకా మార్చి, కొత్త పలక వేసి, మూడు ఫేజులూ మీటరులో సమానంగా చూపేదాకా వదల్లేదు.

ఇప్పటి క్రేన్లకు డ్రైవులొచ్చాయి. అయినా బరువు దించేటప్పుడు మోటారు వెనక్కి తోసే కరెంటును కాల్చడానికి చాలావాటికి ఆ పెట్టె ఇంకా ఉంది.