డ్రిల్లు పీరియడు వెనక కథ

డ్రిల్లు మాస్టారు ఈల ఊదగానే పిల్లలు చేయి చాపినంత ఎడంలో వరసలు కడతారు. వన్ అంటే చేతులు ముందుకు, టూ అంటే పైకి, త్రీ అంటే పక్కకు, ఫోర్ అంటే కిందికి. ఈ వరసలూ ఈ లెక్కా మన నేల మీద పుట్టినవి కావు. వీటి మూలాలు యుద్ధాల్లో ఓడిన యూరప్ దేశాల్లో ఉన్నాయి.

1806లో యేనా దగ్గర నెపోలియన్ ప్రష్యా సైన్యాన్ని మట్టి కరిపించాడు. కుర్రాళ్ల ఒళ్లు గట్టిపడితేనే దేశం లేస్తుందని నమ్మిన ఫ్రీడ్రిష్ యాన్ 1811లో బెర్లిన్ శివార్లలో ఆరుబయలు కసరత్తుశాల తెరిచాడు. జిమ్నాస్టిక్స్ పోటీల్లో ఇవాళ చూసే పారలల్ బార్స్ ఆయన చలవే. ఆ కుర్రాళ్ల ఆవేశానికి చివరికి ప్రభుత్వమే జడిసి, 1819లో యాన్‌ను ఖైదు చేసింది. మరుసటి ఏడు ఈ కసరత్తుల మీద పెట్టిన నిషేధం 1842 దాకా తొలగలేదు.

స్వీడన్ కూడా యుద్ధంలో ఓడి 1809లో ఫిన్లాండును రష్యాకు పోగొట్టుకుంది. 1813లో పెర్ హెన్రిక్ లింగ్ స్టాక్‌హోంలో వ్యాయామ గురువుల శిక్షణాలయం స్థాపించాడు. శరీర నిర్మాణాన్ని బట్టి ఒక్కో కదలికనూ కూర్చాడాయన. చాలావాటికి పరికరాలు అక్కర్లేదు. ఒక్క గురువు కేకతో తరగతి మొత్తం కదులుతుంది. ఖర్చు లేని ఆ సౌలభ్యమే దాన్ని దేశాలు దాటించిందని నా నమ్మకం. దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధం కోసం సైన్యంలో చేరడానికి వచ్చిన యువకుల్లో చాలామంది దేహపరీక్షలో తప్పడంతో ఇంగ్లండుకూ బెంగ పట్టుకుంది. 1909లో అక్కడి బడులకు ఇచ్చిన వ్యాయామ ప్రణాళికకు స్వీడిష్ పద్ధతే ఆధారం. సైనిక కవాతూ ఈ కసరత్తూ కలగలిసి ఆంగ్లేయుల పాలనలో మన బడుల్లోకి వచ్చాయి.

అప్పటికే మన ఊళ్లలో తాలింఖానాలున్నాయి. గోడకు ఆంజనేయుడి పటం, తవ్వి మెత్తన చేసిన గోదా, మూలన సంగిడీలు, కర్రసాము కర్రలు. దండీలు, బస్కీలు తీయించే వస్తాదు ఒక్కో కుర్రాడి భుజం, నడుం చూసి సరిదిద్దేవాడు. ఇంత పండిన విద్యను బడి గుమ్మం బయటే నిలబెట్టారన్నది నాకిప్పటికీ మింగుడుపడదు. కోడి రామమూర్తి నాయుడు మాత్రం రెంటినీ ఎరిగినవాడు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో సాము నేర్చి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరం బడిలోనే డ్రిల్లు మాస్టారుగా చేశాడు. రొమ్ము మీద ఏనుగును నిలబెట్టుకున్న సర్కస్ వీరుడిగానే ఆయన్ను జనం గుర్తుపెట్టుకున్నారు.

డ్రిల్లు పక్కన ఆటకు పీట వేసినవాళ్లలో ముందు చెప్పాల్సింది హ్యారీ క్రో బక్ గురించి. బాస్కెట్‌బాల్ పుట్టిన స్ప్రింగ్‌ఫీల్డ్ వైఎంసీఏ కళాశాలలో చదివిన ఈ అమెరికన్ 1919లో మద్రాసు వచ్చి, 1920లో వైఎంసీఏ తరఫున వ్యాయామ శిక్షణ పాఠశాల ప్రారంభించాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు మన జట్టు మేనేజరూ ఆయనే. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోనివే కాబట్టి, అక్కడ తర్ఫీదైన మాస్టార్లతో పాటు వాలీబాల్ నెట్టూ మన హైస్కూళ్లకు చేరింది.

ఇక ఇప్పటి బడుల సంగతికొస్తే, 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది. వ్యాయామం నేర్పే మనిషి విషయంలో మాత్రం చేయి బిగించింది. ఆరు నుంచి ఎనిమిది తరగతులున్న బడిలో పిల్లలు 100 మంది దాటితేనే అతను ఉండాలి, అదీ పార్ట్‌టైంగా.