గూడ్సుపెట్టె బొమ్మలో చరిత్ర

మన ఆలంకారికులు కావ్యదోషములను చెప్పుచు దేశవిరోధము, కాలవిరోధము, లోకవిరోధము అనువానిని పేర్కొనిరి. ఎడారిలో తామరలు పూచినవనుట దేశవిరోధము. శరత్కాలమున మామిడి పూతపట్టినదనుట కాలవిరోధము. నిప్పు చల్లగా నున్నదనుట లోకవిరోధము. ఈ దోషములు కావ్యమునకే కాదు, బొమ్మకును వర్తించును. రైలు గూడ్సుపెట్టెల చిన్న నమూనాలను బాగుచేసి, నిజమైన సరకు నింపినట్లు దిద్దు విద్య యొకటి కలదు. దానిని బాలక్రీడ యని త్రోసివేయరాదు. అసలు పెట్టెలు తుక్కై కరగిపోయిన పిమ్మట వాని రూపమును తెలుపునది పలుచోట్ల ఆ నమూనాయే. సాక్షి తప్పు చెప్పినచో చరిత్రయు తప్పును.

మొదట దేశమును విచారింతము. సంగారెడ్డి, పటాన్‌చెరువు ఊళ్లు బొంబాయి బాటపై నున్నవి. రైలుమార్గము వానికి దక్షిణముగా లింగంపల్లి, నాగులపల్లి, శంకరపల్లిల మీదుగా సాగును. నిజాము ధనముతో నిర్మింపబడి 1874 అక్టోబరులో తెరవబడిన సికిందరాబాదు–వాడి మార్గమిదియే. దీని పట్టాల నడిమి వెడల్పు 1676 మిల్లీమీటర్లు. పాత మెదకు జిల్లా తూర్పు భాగమున మాసాయిపేట, అక్కన్నపేటల మీదుగా మన్మాడు వైపు పోయిన మార్గము మాత్రము మీటరు వెడల్పుతో వేయబడినది. ఒకే జిల్లాలో రెండు కొలతలు! ఒక మార్గపు పెట్టె రెండవ మార్గముపై నడువదు. రెండును కలియు తావున హమాలీలు ప్రతి గోతమును వీపున మోసి పెట్టె మార్చవలసివచ్చెడిది. మీటరు మార్గపు పెట్టెను పెద్దమార్గపు చక్రములపై నిలిపిన బొమ్మ ఆ హమాలీల శ్రమనే చెరిపివేయును. 1992లో గేజు ఏకీకరణము ప్రారంభమైన పిమ్మట ఆ మీటరు మార్గమును పెద్దమార్గముగా మారినది.

ఇక కాలము. పెట్టెపై వ్రాసిన అక్షరములే దాని జాతకము. 1883లో ఈ రైల్వేను చేపట్టుటకు హామీ పొందిన కంపెనీ యేర్పడినది. 1930లో నిజాము ప్రభుత్వము దానిని స్వాధీనము చేసికొన్నది. 1951 నవంబరు 5న అది మధ్య రైల్వేలో కలిసినది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే యేర్పడినది. పాతకాలపు పెట్టెకు నాలుగు చక్రములు, కొనలయందు రెండేసి బఫరులు, నడుమ మరతో బిగించు గొలుసు. పిదప వచ్చిన పెద్ద పెట్టెలకు ఎనిమిది చక్రములు, నడుమ నొకే బలమైన కొక్కెము. 1980 తరువాత వ్యాపించిన బాక్స్‌ఎన్ పెట్టెపై నిజాము రైల్వే అక్షరములు వ్రాయుట కాలవిరోధమే. బొమ్మకు విరిగిన కొక్కెము మార్చునపుడును ఆ పెట్టె యేనాటిదో తెలిసికొని మార్చవలయును. అసలు పెట్టెపై కడపటి మరమ్మతు ఎచ్చట, ఎప్పుడు జరిగినదియు వ్రాయుదురు. అందుచే బొమ్మపై అంతటను ఒకే క్రొత్తరంగు పూయుటకంటె, వెలిసిన రంగు నడుమ క్రొత్త రేకు అతుకును, దానిపై మరమ్మతు తేదీని చూపుట సత్యమునకు దగ్గర.

మూడవది లోకము, అనగా సరకు స్వభావము. 1880ల చివరికి రైలు ఇల్లందు బొగ్గుగనులను, బెజవాడను చేరినది. బొగ్గు తేలిక; పెట్టె నిండి అంచుపైకి గుట్టగా లేచును. ఇనుపఖనిజము బరువు, పెట్టె నిండకమునుపే మోయదగిన తూకము పూర్తియగును. ఖనిజమును అంచువరకు నింపిన బొమ్మను చూచి రైల్వే పనివాడు నవ్వును. తాండూరు బండలు పరచిన పెట్టెకును ఇదే న్యాయము. బొమ్మబొగ్గుకు నల్లరంగు చాలదు. తేలికదిమ్మెను గుట్టగా చెక్కి, నిజమైన బొగ్గును దంచి జల్లించి, జిగురుతో దానిపై అద్దవలయును. దిమ్మె తీసిపెట్టుటకు వీలుగా నున్నచో ఒకే పెట్టె ఖాళీగాను, నిండుగాను నడచును.

తూకమునందొక చిత్రము కలదు. 87వ వంతు కొలతతో చేసిన నమూనా తూకమున 87వ వంతు కాదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడును తగ్గుటచే 87ను ముమ్మారు హెచ్చవేయవలయును. ఆరులక్షల యేబదియెనిమిదివేలకు పైచిలుకు వచ్చును. నిండు బాక్స్‌ఎన్ తూకము సుమారు 81 టన్నులు; నమూనాకు వచ్చునది సుమారు 123 గ్రాములే. ఖాళీపెట్టెకు 34 గ్రాములు మాత్రమే వచ్చును. అంత తేలికైనది మలుపున పట్టా తప్పును. కావున అడుగున సీసపుముక్క దాచుట తప్పదు. ఈ చిన్న అసత్యము బండి నడుచుటకు. కంటికి కనబడు సరకు విషయమున మాత్రము అసత్యము కూడదు.

రామచంద్రాపురమున భారీ విద్యుత్పరికరముల కర్మాగారము, పటాన్‌చెరువున పారిశ్రామికవాడ, 1984లో ఎద్దుమైలారమున ఆయుధ కర్మాగారము వెలసిన పిమ్మట ఈ సీమ స్వరూపమే మారినది. యంత్రభాగమును చదునుబండిపై నెక్కించినపుడు బరువు నడుమకు రావలయును, క్రింద చెక్కదిమ్మెలు వేయవలయును, గొలుసులతో బిగింపవలయును. పనివాని ఈ జాగ్రత్త బొమ్మలోను కనబడవలయును.

గ్రామపెద్దలారా, కొలతలు పుస్తకములయందు దొరకును. గోతములను ఎట్లు పేర్చిరో, వానకు టార్పాలినును ఎట్లు కప్పిరో, ఏ స్టేషనున ఏ పంట ఎక్కినదో చూచిన కన్నులు మీవి. మీ యింటి పిల్లవాడు రైలుబొమ్మ చేయుచున్నచో ప్రక్కన కూర్చుండి ఆ సంగతులు చెప్పుడు. పూర్వులు ఆప్తవాక్యమును ప్రమాణముగా గ్రహించిరి. ఈ చరిత్రకు ఆ ప్రమాణము మీరే. అది మీతోనే ముగియరాదు.